బొంకుల పలక

ఇంటి నుంచి, కుట్టు మిషన్ పక్కన కూర్చుని
పందేనికి ఇంకా తొమ్మిది వారాలు

పిడుగుకి వదిన ఆశీస్సులు.

ఒంట్లో ఎలా ఉంది, వేళకి తింటున్నావా అనేవి చివర అడుగుతాను. ముందు అసలు సంగతి. మన పీత బండి గురించి బయట ఎవరికో తెలిసిపోయింది.

నిన్న మంగలి షాపు ముందునుంచి వస్తుంటే లోపల ఇద్దరు ‘పీత’ అని నవ్వడం నా చెవులారా విన్నాను. నేను ఆగగానే వాన గురించి మాట్లాడుకున్నారు. ఆకాశంలో మబ్బు తునక లేదు! మంగలి మేడ మీదనుంచి మన పెరడు కనిపిస్తుంది కదా. అందుకని ఈ రోజు పెరటి చుట్టూ పాత దుప్పట్లు కట్టేశాను. మీ అన్నయ్య చూసి, “లోపల ఎవరో నీళ్ళాడుతున్నారనుకుంటారే” అని నవ్వారు. నాకు ఆయన మీద కూడా అనుమానమే. గడియారాలు బాగుచేసేటప్పుడు ఆయన చేతులెంత నెమ్మదో, నోరంత తొందర. ఆ నోట్లో నువ్వుగింజ నానదు.

మన బండ్ల పందెం గురించి చెబితే అక్కడివాళ్ళు నమ్మడం లేదని రాశావు. ఇలా చెప్పు: ఇంజను ఉండకూడదు, మనుషులే తొక్కాలి. బండి బండిలా కనిపించకూడదు. రోడ్డు, సందు, ఇసకదిబ్బ, బురద అన్నీ దాటి చివర కాలవలోకి దిగి అవతలి గట్టెక్కాలి. పోయినేడు పెద్దబజారువాళ్ళు బూటులో కూర్చుని వచ్చారనీ, బూటు లేసులు చక్రాల్లో పడి బురదలోనే మధ్యాహ్నం దాకా కూర్చున్నారనీ చెప్పు. నవ్వితే నవ్వనీ.

పదకొండేళ్ళనుంచి మన వీధి కాలవ దగ్గరే ఓడిపోతోంది. ఈసారి నువ్వు చేసిన కీళ్ళున్నాయి. నేలమీద పీత పక్కకాళ్ళు రెండూ ముడుచుకుని ఉంటాయి, నీళ్ళలో దిగగానే నేను తాడు లాగితే విచ్చుకుని, వాటికింది ఖాళీ డ్రమ్ములు నీళ్ళమీద తేలతాయి. ఆ కీలు సంగతి మన ముగ్గురికి తప్ప నరమానవుడికి తెలియదు. తెలియకూడదు కూడా.

తింటున్నావా? నీ పని ఎవరి దగ్గరో, ఆ మనిషి ఎలాంటివాడో ఒక్కసారైనా సరిగా రాయి. ఆడపడుచు అర్ధమొగుడంటారు, మిగతా సగం గురించి అంతా తెలుసు, ఈ సగం గురించే తెలియడంలేదు.

మీ వదిన


వర్క్‌షాపు పక్క గది నుంచి

వదినకి నమస్కారం.

దుప్పట్లు కట్టావా! అంతవరకూ ఎవరూ చూడకపోయినా ఇప్పుడు ఊరంతా మడమలెత్తి తొంగిచూస్తుంది. మంగలి పాపం ఏమీ చేసి ఉండడు. అన్నయ్య గడ్డం చేయించుకుంటూ చెప్పేసి ఉంటాడు. పీత అని తెలిస్తే కొంప మునగదులే.

నేను బాగానే ఉన్నాను. గది చిన్నది, కిటికీ ఒక్కటే, అది తెరిస్తే తలుపు పడదు. పొద్దున్న ఎనిమిదికి వెల్డింగు ముసుగు తగిలించుకుంటే సాయంత్రం అయిదుకి తీస్తాను. పడవల అడుగురేకులు అతికే పని. మొదటి వారం నా అతుకులన్నీ విరగ్గొట్టించి మళ్ళీ చేయించారు. రెండో వారం సగం. ఇప్పుడెవరూ విరగ్గొట్టడం లేదు. పెద్ద మేస్త్రి మంచివాడు. ఆడపిల్లవి కదా అని తేలికపని ఇవ్వడు, అదే నాకు నచ్చింది. ఎవరి వర్క్‌షాపు అంటే ఏం చెప్పను, పడవలవాళ్ళది, అంతే.

ఒక్క సంగతి. కాళ్ళ కీళ్ళకి బరువు పెట్టి చూశారా? మనం పెరట్లో ఉత్త బండితో చూశాం. మనుషులు ఎక్కి కూర్చున్నాక చూడలేదు. ఇక్కడ ఏదైనా నీళ్ళలోకి వెళ్ళేముందు మూడింతలు బరువు పెట్టి చూస్తారు. అప్పుడు నవ్వుకున్నాను గానీ ఇప్పుడు నిద్రలో కూడా అదే గుర్తొస్తోంది.

అన్నయ్యని అడిగానని చెప్పు.

పిడుగు


ఇంటి నుంచి
పందేనికి అయిదు వారాలు

పిడుగుకి,

నువ్వు చేసింది విరుగుతుందా? ఆ మాట నీ నోట రావడమే వింతగా ఉంది. సరే, అది తర్వాత.

బొంకుల పలక కట్టారు. ఈసారి మన వీధి తరఫున రాయడం నా వంతు. నీకు తెలియనిదా, ఒక్కో బండి గురించి మూడు వాక్యాలు, మూడూ అబద్ధాలే. ఒక్క నిజం దొర్లినా పది నిమిషాలు ఆలస్యంగా వదులుతారు. ‘మా బండికి నీళ్ళంటే భయం’ అని మొదలుపెట్టాను. పందెం పెట్టే పంతులుగారు చదివి, “ఇన్నేళ్ళలో ఇంత కడిగిన ముత్యంలాంటి అబద్ధం చూడలేదమ్మా” అన్నారు. అబద్ధం రాయడమేనా, చదవడం కూడా నాకు వెన్నతో పెట్టిన విద్య. ఎవరి బొంకు చూసినా చొక్కా తిరగేసినట్టు తిరగేసి లోపలి కుట్టు చూస్తాను.

కాలవగట్టు వీధివాళ్ళ బొంకు ఏమిటో తెలుసా? వాళ్ళ మేస్త్రి చేసింది బాతట. ‘మా బాతు రెక్కలు అతుక్కుపోయాయి, నీళ్ళలో కూడా విచ్చుకోవు.’ తిరగేసి చదువు. నీళ్ళలో విచ్చుకుంటాయి! మన కీలు, పిడుగూ. మన కీలు వాళ్ళ బాతుకి ఎలా వెళ్ళింది?

మొదట మంగలినే పట్టుకున్నాను. పీత మాట ఒట్టిదే, నిజానికి ఏనుగు చేస్తున్నామని అతని చెవిలో వేసి వారం చూశాను. ఊళ్ళో ఎవరూ ఏనుగు మాట ఎత్తలేదు. అతను పాపం కడుపులోనే దాచుకున్నాడు. మీ అన్నయ్యని నిలదీస్తే, “నాకు ఆ కీలు అర్థమైతే కదా చెప్పడానికి” అన్నారు. అదీ నిజమే.

మొన్న దారాలమ్మే ఆయన వచ్చాడు. నెలకోసారి నువ్వున్న ఊరికి వెళతాడు. “మీ ఆడపడుచు కనిపించిందమ్మా, కాలవగట్టు మేస్త్రి వాళ్ళన్న వర్క్‌షాపులో, గేటు దగ్గర” అన్నాడు. నేను కుడుతున్న జాకెట్టు భుజం రెండుసార్లు ఒకే చోట కుట్టేశాను.

పెద్ద మేస్త్రి మంచివాడని రాశావు. ఏ పెద్ద మేస్త్రి? నాలుగు నెలలనుంచి ఆ మాట ఎందుకు మింగావు?

వదిన


వర్క్‌షాపు పక్క గది నుంచి

వదినా,

అవును. కాలవగట్టు మేస్త్రి వాళ్ళన్న దగ్గరే చేస్తున్నాను. దాచాను, తప్పే. ముందే చెబితే నువ్వు వెళ్ళనిచ్చేదానివా? ఆ ఇంటివాళ్ళ నీడ పడితే స్నానం చేసే మనిషివి నువ్వు! చుట్టుపక్కల ఇంకెవరూ ఆడదానికి వెల్డింగు టార్చి చేతికివ్వలేదు. ఇతను ఇచ్చాడు. నాలుగు నెలలయ్యాక చెబుదామనుకున్నాను, ఆపైన అయిదు అనుకున్నాను.

ఇప్పుడు నేను చెప్పేది నిదానంగా చదువు. తిట్లు తర్వాత తిట్టొచ్చు.

బరువు సంగతి మనసులో తొలుస్తుంటే ఇక్కడ పనయ్యాక మన కీలులాంటిదే ఒకటి చేశాను. అదే కొలత, అదే సీల. బల్లకి బిగించి ముగ్గురు మనుషుల బరువు వేలాడదీశాను. మొదటిసారి విచ్చుకుంది. రెండోసారి విచ్చుకుంది. మూడోసారి సీల పుటుక్కున విరిగింది. మళ్ళీ చేశాను, మళ్ళీ విరిగింది. తప్పు నాది. సీల సన్నం, అది కూర్చునే చోట నేను పెట్టిన అతుకు పెళుసు.

పెద్ద మేస్త్రి పక్కనే నిలబడి చూశాడు. సీల ఎంత లావుండాలో ఆయనే చెప్పాడు. తమ్ముడితో చెప్పి ఉంటాడు, అలా వెళ్ళింది మన కీలు కాలవగట్టుకి. నేను అమ్ముకోలేదు, ఇవ్వలేదు, కానీ దాచి చెయ్యాలన్న తెలివి కూడా లేకపోయింది. దానికి నీ ఇష్టం వచ్చినన్ని అను.

కానీ కాళ్ళు మాత్రం ముడవొద్దు. విప్పే ఉంచి బోల్టులు బిగించేయండి. లేదా లావు సీల వేయించండి, కొలత వెనకవైపు గీశాను. ఎడమకాలు ఊడితే ఆ ఇనుమంతా ముందు సీటు మీద పడుతుంది. ముందు సీట్లో కూర్చునేది అన్నయ్య.

పిడుగు


ఇంటి నుంచి
పందేనికి మూడు వారాలు

వెల్డరుగారికి,

మీ ఉత్తరం అందింది. చిత్తగించాను.

కాళ్ళు విప్పే ఉంచితే మా బండి సందులో పట్టదని మీకు తెలుసు. ఆ సందు కొలత తీసుకున్నది మీరే. లావు సీల వెయ్యాలంటే కీళ్ళన్నీ కోసి మళ్ళీ అతకాలి, ఆ పని చేతనైన ఒకే ఒక్క మనిషి కాలవగట్టువాళ్ళ కొలువులో ఉంది. అంటే ఎలా చూసినా మా పీత పెరట్లోనే కూర్చోవాలి, వాళ్ళ బాతు ఈదాలి. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు గానీ, నేను పట్టాను.

బొంకుల పలక చదివినట్టే చదివాను మీ ఉత్తరం. విరుగుతుందంటే విరగదన్నమాట. ఇవ్వలేదంటే ఇచ్చారన్నమాట. నాలుగు నెలలు ఒక అబద్ధం రాసిన చెయ్యి అయిదో నెల నిజం రాస్తుందా?

నేను ఈ ఇంటికి వచ్చేటప్పటికి నీకు అయిదేళ్ళు. మీ అమ్మ పోయి ఏడాది. నా కొంగు పట్టుకుని మిషన్ కింద పడుకునేదానివి. పందెం పోతే పోయింది, పదకొండేళ్ళు ఓడినవాళ్ళం. నా పిల్ల నాకు అబద్ధం చెప్పిందే, అది తీసుకోలేకపోతున్నాను.

పందేనికి రావద్దు.

వదిన


వర్క్‌షాపు పక్క గది నుంచి

అన్నయ్యకి,

వదిన నా మాట నమ్మడం లేదు. నువ్వైనా నమ్ము. ఎడమకాలి కీలు విరుగుతుంది. కొత్త పడవ నీళ్ళలోకి దించే వారమని ఎవరికీ సెలవు ఇవ్వడం లేదు, లేకపోతే ఆవిడ రావద్దన్నా వచ్చి నేనే కోసేసేదాన్ని. కాళ్ళు ముడవొద్దు. కుదరదంటే ముందు సీట్లో నువ్వు కూర్చోవద్దు. వదినకి కోపం వస్తే రానీ. ఈ ఉత్తరానికి నువ్వే జవాబు రాయి.

నీ చెల్లెలు


ఇంటి నుంచి
పందెం రేపు

మీ అన్నయ్య పేర వచ్చిన ఉత్తరం నాకు చేరింది. ఆయనకి చేరదు. నేను చించలేదు, ఇవ్వలేదు.

ఇది మాత్రం రాయకుండా ఉండలేకపోతున్నాను. నిన్న పాలకేంద్రం దగ్గర కాలవగట్టు మేస్త్రి, వాళ్ళన్న నిలబడి కాగితం ఒకటి చూసుకుంటున్నారు. నన్ను చూసి మడతపెట్టి జేబులో పెట్టుకున్నారు. మడతపెట్టేలోగా చూశాను. మన పీత బొమ్మ, పక్కన నీ చేతిరాత. నీకు పలక మీద అక్షరాలు దిద్దించినదాన్ని, నీ రాత నాకు తెలియదా?

అంటే అంతా వాళ్ళకి ఇచ్చావు. ఇన్నాళ్ళూ ఎక్కడో ఒక మూల, ‘కాదేమోలే’ అనుకున్నాను. ఇక అనుకోను. జవాబు రాయొద్దు.


ఆసుపత్రి వరండా నుంచి
పందెమై నాలుగో రోజు

పిడుగూ,

ముందు ఇది చదువు: మీ అన్నయ్య బతికే ఉన్నారు. కుడితొడ ఎముక విరిగింది, కట్టు వేశారు. మూడు నెలల్లో నడుస్తారన్నారు.

మిగతాది ఎలా రాయాలో తెలియడంలేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున్న బండ్లు వరసలో నిలబెట్టినప్పుడు కాలవగట్టు మేస్త్రి నడుముకి తాడుతో పానా ఒకటి కట్టుకుని ఉన్నాడు. అది చూసి నా అనుమానం ఆకాశానికంటింది. పంతులుగారి దగ్గరికి పరిగెత్తి, “వాడు మా బండి నట్లు విప్పడానికే వచ్చాడు” అని ఫిర్యాదు చేశాను. ఆయన నవ్వేశారు.

సందులో మనం మూడో వాళ్ళం. ఇసకలో రెండు. పెద్దబజారువాళ్ళ బూటుని బురదలో ఉంచి మనం ముందుకు వెళ్ళాం. బాతు ఒక్కటే మనకన్నా ముందు కాలవలో దిగింది, దాని రెక్కలు విచ్చుకున్నాయి. వెనకే మనం దిగాం. మీ అన్నయ్య, “లాగవే!” అని అరిచారు. లాగాను.

కుడికాలు విచ్చుకుంది. ఎడమవైపు పుటుక్కుమంది. సరిగ్గా నువ్వు రాసినట్టే. పీత పక్కకి ఒరిగి, ఆ ఇనుమంతా ఆయన తొడల మీద పడి సీటుకి అదిమేసింది. నీళ్ళు ఆయన గడ్డం దాకా వచ్చాయి, తర్వాత నోటి దాకా. నేను వెనక సీటు మీదనుంచి వంగి రెండు చేతులతో గడ్డం పైకెత్తి పట్టుకున్నాను. ఎంత పట్టుకున్నా బండి దిగుతోంది. గట్టుమీద జనం ఇది కూడా ఆటలో భాగమేననుకుని చప్పట్లు కొడుతున్నారు.

బాతు ఆగింది. ఎవరైనా ఆగి కాలు కింద పెడితే పందెం పోయినట్టే కదా, అయినా మేస్త్రి దూకేశాడు. నన్ను ఏమీ అడగలేదు. ఎక్కడ ఇరుక్కుందని చూడలేదు. నేరుగా నీళ్ళలోపలికి మునిగి సీటు కిందికి వెళ్ళాడు. ఒకసారి పైకొచ్చి ఊపిరి తీసుకుని మళ్ళీ మునిగాడు. పానాతో కింది రెండు నట్లూ విప్పేసరికి సీటు ఊడి ఆయనతో సహా వెనక్కి వచ్చేసింది. ఆయన్ని గట్టుకి లాగాక అప్పుడు ఏడ్చాను.

సాయంత్రం ఇదే వరండాలో మేస్త్రిని అడిగాను, ఆ రెండు నట్ల సంగతి నీకెలా తెలుసని. అతను జేబులోనుంచి తడిసిన కాగితం తీసి ఇచ్చాడు. నేను పాలకేంద్రం దగ్గర చూసిన కాగితమే. మన పీత బొమ్మ, సీటు కింద రెండు నట్ల చుట్టూ సున్నాలు, ‘పదిహేడో నంబరు పానా, నడుముకి కట్టుకోండి’. అడుగున, ‘మా అన్నయ్య ముందు సీట్లో ఉంటాడు. ఆయనకి ఈత రాదు’.

ఈత రాదని నాకు తెలుసు పిడుగూ. నీకన్నా నాకే బాగా తెలుసు. తెలిసి కూర్చోబెట్టాను.

నీ ఉత్తరం ఈ పొద్దున్న ఆయనకి చదివి వినిపించాను. నేను దాచిన సంగతి కూడా చెప్పాను. “పిడుగు ముందే చెప్పిందా? మరి నాకెందుకు చెప్పలేదే?” అని ఒక్కసారి అడిగారు. ఆ తర్వాత మొహం గోడవైపు తిప్పేసుకున్నారు. నర్సు వచ్చినా ఇటు తిరగలేదు. ఆయన తిట్టినా బాగుండేది.

ఊరందరి అబద్ధాలూ తిరగేసి చదవగలనని విర్రవీగాను. నా ఇంటి పిల్ల నిజం రాస్తే దాన్నీ తిరగేశాను. క్షమించమని అడగడానికి మొహం చెల్లడంలేదు. నువ్వు రావాలి. ఆయన కోసమైనా రా.

వదిన


వర్క్‌షాపు పక్క గది నుంచి

వదినా,

అన్నయ్య బతికే ఉన్నాడన్న వాక్యం దగ్గరే చాలాసేపు ఆగిపోయాను. పెద్ద మేస్త్రి తిరిగొచ్చి చెప్పాడు గానీ, నీ చేత్తో రాసింది చూసేదాకా నమ్మకం కుదరలేదు. చూశావా, నేను కూడా నీ దగ్గరే పెరిగాను.

నిన్ను తిడుతూ రెండు ఉత్తరాలు రాసి చింపేశాను. తిట్టడం ఆపింది నీ మీద జాలితో కాదు. నేను చేసింది కూడా ఒకటుంది, అది నీకు చెప్పాలి.

కీలు విరుగుతుందని పందెం పెట్టే పంతులుగారికి ఒక్క కార్డు ముక్క రాస్తే చాలు, బండిని నీళ్ళలో దిగకుండా ఆపేసేవాళ్ళు. కాగితం అందుకుని కాలవగట్టు మేస్త్రి కూడా వాళ్ళన్నతో అదే అన్నాడట, “నాకెందుకు ఈ కాగితం, ఆ పిల్ల పంతులుకి రాయొచ్చు కదా” అని. కార్డు కొన్నాను కూడా. రాయలేదు. నా వల్ల మన వీధి బండి ఆగిపోతే నువ్వు జన్మలో నా మొహం చూడవని భయపడ్డాను. అన్నయ్య మునిగిపోతాడేమోనన్న భయం కన్నా, నువ్వు నాతో మాట్లాడవేమోనన్న భయమే పెద్దదైంది. అందుకని అన్నయ్య మునిగితే ఎలా తీయాలో బొమ్మ గీసి, పెద్ద మేస్త్రి చేత వాళ్ళ తమ్ముడికి పంపాను. మునగకుండా ఆపలేదు. నువ్వు ఉత్తరం దాచావు, నేను కార్డు రాయలేదు. ఇద్దరం కలిసి ఆయన్ని ఆ సీట్లో కూర్చోబెట్టాం.

ఈ సంగతి అన్నయ్యకి నువ్వు చెప్పొద్దు. నేనే వచ్చి చెబుతాను. శనివారం బయల్దేరుతున్నాను.

నీ మీద కోపం పోలేదు. ‘వెల్డరుగారికి’ అని రాశావే, అది చదివిన రోజు తిండి తినలేదు. ఇంటికి వచ్చాక మూడు రోజులు నీతో మాట్లాడను. పెట్టింది తింటాను, ఆసుపత్రికి నీతో వస్తాను, వంతులవారీగా అన్నయ్య దగ్గర కూర్చుంటాను, కానీ మాట్లాడను. నువ్వు బతిమాలొద్దు. బతిమాలితే మాట్లాడేస్తాను, అప్పుడు ఈ కోపం లోపలే ఉండిపోతుంది.

నాలుగోరోజు పొద్దున్న నువ్వే నన్ను పిలువు.

పిడుగు